పదేళ్ళ లెక్క చూపించండి

మహిమలు చేస్తామని చెప్పుకునే వాళ్ళని హేతువాదులం ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: రుజువేది? మంచి ప్రశ్నే. కానీ ముప్పై ఏడేళ్ళు రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో బిల్లులు తనిఖీ చేసిన నాకు అది సగం ప్రశ్నగానే తోస్తుంది. మిగతా సగం ఏమిటంటే: పదేళ్ళ తర్వాత ఏమైంది?

కొత్త జనరేటరు ప్రారంభించిన రోజున దీపాలు వెలుగుతాయి, ఫొటోలు తీస్తారు. ఆ ఫొటో చూసి మురిసిపోయేవాడు లెక్కలవాడు కాడు. ఆ జనరేటరు ఎన్నేళ్ళు నడిచింది, ఎన్నిసార్లు ఆగింది, విడిభాగాలు ఎక్కణ్ణుంచి తెప్పించారు, అవి వచ్చేదాకా చీకట్లో కూర్చున్నది ఎవరు? అసలు లెక్క అది. ద్వీపాల్లో ఉద్యోగం చేసినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ రెండో ప్రశ్నని ఆపరేషన్లకి కూడా వెయ్యాలని చెప్పడానికే ఈ వ్యాసం. ముందుగా ఒక విషయం చెప్పేయాలి. ఆడిట్ చేసేవాడు తన సొంత ప్రయోజనాన్ని దాచకూడదు కదా. నాకు పెద్దపేగు లేదు. అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు ముదిరి 2002లో, ప్రధాన భూభాగంలోని ఒక ఆసుపత్రిలో, మొత్తం తీసేశారు. పురీషనాళం, మలద్వారం కూడా తీసేశారు. చిన్నపేగు చివరని పొట్ట కుడివైపున బయటికి తెచ్చి కుట్టారు. రూపాయి బిళ్ళంత ఎర్రటి ద్వారం. దానిమీద ఒక బ్యాగు అంటించి ఉంటుంది. దీన్ని ఇలియోస్టమీ అంటారు. ఆ బ్యాగుతోనే ఆఫీసుకి వెళ్ళాను, ఓడ ఎక్కాను, కూతురి పెళ్ళి చేశాను, 2018లో రిటైరయ్యాను. ఇప్పుడు నా వయసు అరవై ఏడు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన మా పోర్ట్ బ్లెయిర్‌లోనే స్థిరపడ్డాను.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, దీని గురించి ఎవరూ రాయరు గనక.

క్రిందటి ఏడు వానలు మొదలైన రోజుల్లో మా శ్రీకాకుళం వైపు మనిషి ఒకాయన తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. జంగ్లీఘాట్‌లో చేపల వ్యాపారం. అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు, ఒక కార్యాలయంలో ఉద్యోగం. నాకున్న జబ్బే, నాకు జరిగిన ఆపరేషనే, ఐదేళ్ళ క్రితం. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

"అన్నా, నీకు లెక్కలు తెలుసు. ఒకటి చూసి చెప్పు" అని ఫోను ముందు పెట్టాడు. విదేశాల్లో ఉన్న బంధువు పంపిన వీడియో. బ్యాగు లేకుండా జీవితం అని దాని సారాంశం. నవ్వుతున్న మనుషులు, ఈత కొలను, సముద్రపు ఒడ్డు. పొట్ట లోపలే పేగుతో సంచి తయారు చేస్తారట, పైకి ఏ బ్యాగూ ఉండదట. వైజాగ్ దగ్గరున్న స్థలం అమ్మి ఎక్కడికైనా తీసుకెళ్ళి చేయించడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు.

ఇది బూటకం అనుకుని తోసిపారేయడానికి లేదు. నిజంగా ఉన్న ఆపరేషనే. దాని పేరు కాంటినెంట్ ఇలియోస్టమీ. దానికి దీర్ఘకాలపు లెక్క కూడా ఉంది. ఆ లెక్కే వాళ్ళకి చెప్పాను, ఇక్కడా చెబుతాను.

బ్యాగు కూడా ఒకప్పుడు కొత్త సంగతే. పూర్వం పేగు చివరని చర్మానికి సమానంగా కుట్టేసేవారు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి, అవి చర్మాన్ని కూడా అరిగించేస్తాయి. 1952లో బ్రిటిష్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ పేగు చివరని చొక్కా చేతిలాగా మడిచి కాస్త బయటికి ఉండేలా కుట్టే పద్ధతి చెప్పాడు. ఆ చిన్న మార్పుతో చర్మం బతికింది. 1954లో డెన్మార్క్‌లో ఎలీస్ సొరెన్‌సెన్ అనే నర్సు, స్టోమా పెట్టించుకున్న తన చెల్లెలు బయటికి రావడానికి భయపడుతుంటే చూడలేక, చర్మానికి అంటుకునే, వాడి పారేసే బ్యాగుని ఆలోచించింది. ఈ రోజు నా పొట్టమీద ఉన్నది ఆవిడ ఆలోచనకి మునిమనవరాలు. ఏ దేవుడూ ఇవ్వలేదు.

1969లో స్వీడన్ సర్జన్ నీల్స్ కాక్ ఇంకో అడుగు వేశాడు. చిన్నపేగు చివరి భాగాన్ని ఒకటిన్నర అడుగుల దాకా తీసుకుని, మడిచి కుట్టి, పొట్ట లోపలే సంచిలా తయారు చేశాడు. తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే దానికి ఒక కవాటం చేర్చాడు. పేగుని తనలోకే దోపి చేసిన మూత అది. సంచి నిండినా బయటికి కారదు. రోజుకి మూడు నాలుగుసార్లు మనిషే ఒక మెత్తని గొట్టాన్ని ఆ ద్వారంలోంచి లోపలికి పెట్టి ఖాళీ చేసుకుంటాడు. పైన ఒక చిన్న ప్యాడ్ ఉంటే చాలు. 1980ల్లో అమెరికాలో విలియం బార్నెట్ ఆ కవాటం జారిపోకుండా ఉండాలని మార్పులు చేశాడు. నాలాగా మలద్వారం కూడా పోయినవాడికి బ్యాగు వద్దనుకుంటే ఉన్న ప్రధానమైన దారి ఇదే.

మరి ఇంత మంచిది అందరికీ ఎందుకు చెయ్యలేదు? రెండు కారణాలు. మొదటిది, 1978లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో ఆలన్ పార్క్స్, జాన్ నికోల్స్ పేగుతో చేసిన సంచిని మలద్వారానికే కలిపే పద్ధతి ప్రచురించారు. మలద్వారం మిగిలి ఉన్నవాళ్ళు అటు వెళ్ళిపోయారు. రెండోది, కాక్ పద్ధతిలో మరమ్మతులు ఎక్కువ. ప్రపంచంలో ఈ ఆపరేషన్ బాగా తెలిసిన సర్జన్లు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు.

ఇక అసలు లెక్కకి వద్దాం. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు తమ దగ్గర ఈ సంచి చేయించుకున్న 330 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. పదేళ్ళకి 87 శాతం మందికి సంచి నిలిచి ఉంది. ఇరవై ఏళ్ళకి 77 శాతం మందికి. ఈ రెండు అంకెలూ చూసి అమ్మాయి తండ్రి ముఖం విప్పారింది. "నూటికి ఎనభై ఏడంటే ఫస్టు క్లాసే కదా అన్నా!"

ఫస్టు క్లాసే. కానీ జమ వైపు చూసి సంతకం పెట్టేస్తే ఆడిట్ ఎందుకు? సంచి నిలిచింది అంటే ఇబ్బంది లేకుండా నిలిచింది అని కాదు. ఈ ఆపరేషన్ మీద వచ్చిన నివేదికల్లో చాలావాటిలో సుమారు సగం మందికి మళ్ళీ కనీసం ఒక ఆపరేషనైనా పడింది. కొందరికి మూడు, నాలుగు. ముఖ్యమైన కారణం కవాటం జారిపోవడం. అది జారితే రెండు రకాల చిక్కులు: ఒకటి, లోపలున్నది కారడం మొదలవుతుంది. రెండు, గొట్టం లోపలికి వెళ్ళదు. గొట్టం వెళ్ళకపోతే సంచి ఖాళీ కాదు. అది గంటల్లో చూడాల్సిన అత్యవసరం. కొందరికి సంచి గోడకి వాపు వచ్చి విరేచనాలు, జ్వరం వస్తాయి. చాలావరకు యాంటీబయాటిక్‌కి తగ్గుతుంది, కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొందరికి పేగుకి అడ్డదారి రంధ్రాలు పడతాయి. అసలు జబ్బు క్రోన్స్ అయ్యుండి కొలైటిస్ అని పొరబడితే సంచి పోయే ప్రమాదం బాగా ఎక్కువ.

సంచి తీసేయాల్సి వస్తే దానితో పాటు ఆ ఒకటిన్నర అడుగుల చిన్నపేగు కూడా పోవచ్చు. అది మూలధనం. నీటినీ ఉప్పునీ పీల్చుకునే పేగు అంత మేర తగ్గుతుంది. ఆ మనిషి మళ్ళీ బ్యాగుకే వస్తాడు, కానీ ముందున్న స్థితికి కాదు, ఇంకాస్త నష్టపోయిన స్థితికి.

ఇంకో మాట కూడా చెప్పకపోతే లెక్క తప్పుతుంది. సంచి సరిగా పనిచేస్తున్నవాళ్ళని అడిగితే చాలామంది సంతృప్తిగానే ఉన్నామన్నారు. రెండు మూడుసార్లు మరమ్మతు చేయించుకున్న వాళ్ళు కూడా. ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని చెడ్డదని ఎవరు ఒప్పుకుంటారు? కొండెక్కి వచ్చినవాడు దర్శనం బాగా జరగలేదని అనడు కదా. అయినా అదొక్కటే కారణమని కొట్టిపారేయడం కూడా అన్యాయం. బ్యాగు లేకుండా పడుకోవడం, ఎవరూ గమనించరనే ధైర్యం, ఇవి నిజమైన లాభాలు. నాకు అక్కర్లేదు గనక ఎవరికీ అక్కర్లేదు అనడం హేతువాదం కాదు, అహంకారం.

ఈ అంకెలు నాకెలా తెలిశాయి? ఆ ఆపరేషన్ చేసినవాళ్ళే చెప్పారు. ఎంతమందికి కవాటం జారింది, ఎంతమందికి సంచి పోయింది అని తమ నష్టాల ఖాతాని తామే అచ్చువేశారు. విజ్ఞానశాస్త్రానికీ మహిమకీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది. శాస్త్రం ఎప్పుడూ గెలుస్తుందని కాదు. ఓడినప్పుడు లెక్క రాస్తుంది. ఏ ఆశ్రమమైనా మా విభూతి తిన్న 330 మందిలో ఇరవై ఏళ్ళకి ఎంతమంది బాగున్నారు అని ఎప్పుడైనా అచ్చువేసిందా?

ఆశ్రమం మాట ఊరికే అనలేదు. ఆ అమ్మాయిని తల్లిదండ్రులు అంతకుముందే ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక మండలం దీక్ష చేస్తే ద్వారం దానంతటదే పూడుకుపోతుందని ఆయన అభయమిచ్చాడు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించండి. పెద్దపేగు, మలద్వారం లేని మనిషికి ఆ ఒక్క ద్వారం పూడుకుపోతే ఏమవుతుంది? ఆ వరం ఫలించకపోవడమే అమ్మాయి అదృష్టం. దీక్ష ముగిసింది, ద్వారం అలాగే ఉంది. నియమం మాత్రం మిగిలింది: నీచు ముట్టకూడదు. చేపల వ్యాపారి ఇంట్లో, చుట్టూ సముద్రం ఉన్న ఊళ్ళో, మూడేళ్ళుగా ఆ పిల్ల చేప తినలేదు. గుడ్డు లేదు. పాలు పడవు.

ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

ముందు మా ద్వీపం సంగతి. ఎక్కడో ఒహాయోలో చేసిన లెక్క పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నదున్నట్టు చెల్లదు. అక్కడ కవాటం జారితే కారెక్కి వెళ్తారు. ఇక్కణ్ణుంచి చెన్నైకి గాని, విశాఖకి గాని వెయ్యి కిలోమీటర్లకి పైగా నీళ్ళు. ఓడలో రెండున్నర మూడు రోజులు. విమానం ఉంది గాని, వాయుగుండం పడితే అదీ ఉండదు. జీబీ పంత్ ఆసుపత్రి డాక్టర్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ప్రపంచంలోనే అరుదైపోయిన ఆపరేషన్ తాలూకు చిక్కుని అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గుర్తుపట్టాలనుకోవడం అత్యాశ. పొట్టమీద ద్వారం ఉంది, బ్యాగు లేదు. ఇదేమిటో ఆయనకి ఎవరు చెబుతారు? రోగి స్పృహలో ఉంటే సరే. అందుకే ఈ సంచి ఉన్నవాళ్ళు గొట్టం పెట్టి ఖాళీ చెయ్యాలని రాసిన కార్డుని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి.

మా ఆఫీసుల్లో ఒక వాడుక ఉండేది. యంత్రం ధర అడగొద్దు, యంత్రం చచ్చేదాకా అయ్యే ఖర్చు అడుగు. మరమ్మతు చేసేవాడు లేని చోట ఎంత గొప్ప యంత్రమైనా ఇనప తుక్కే. ఇదంతా చెప్పి, నా అనుభవం కూడా జోడించాను.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి ఊగింది, తర్వాత సముద్రం వచ్చింది. నాకు ఆపరేషన్ అయి అప్పటికి రెండేళ్ళు. మాది ఎత్తు మీద ఇల్లు గనక ప్రాణాలకి ముప్పు రాలేదు. కార్ నికోబార్‌లో, కచల్‌లో జరిగినదాంతో పోలిస్తే మాది కష్టమే కాదు. కానీ నాకు బ్యాగులు చెన్నై నుంచి ఓడలో వచ్చేవి. ఆ రోజుకి ఇంట్లో నాలుగే ఉన్నాయి. ఓడలు ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినా ముందు బియ్యం, మందులు, మనుషులు. అది న్యాయం కూడా. కుళాయి నీళ్ళు లేవు. ఉన్న నాలుగింటినే కడిగి, ఆరబెట్టి, టేపు వేసి, ఆఖరికి పాలిథిన్ కవరు అతికించి రోజులు గడిపాను. చర్మం పచ్చిపుండైంది. కానీ పేగు పని పేగు చేసుకుపోయింది. బ్యాగు చెడితే మనిషి ఇబ్బంది పడతాడు, కవాటం చెడితే మనిషే చెడతాడు. అందుకే నేను బ్యాగుతోనే ఉండిపోయాను అని ముగించాను.

చాలా బాగా వాదించానని నాకనిపించింది. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయి అడిగింది: "పెదనాన్నా, ఆ రోజు నీకు బ్యాగు బదులు పనిచేసే సంచి ఉండుంటే ఒక్క గొట్టం చాలు కదా? కడుక్కుని వాడుకునేవాడివి. ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు."

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్న కథలో ఈ పద్దు నేనెప్పుడూ రాయలేదు. జమ వైపు రాయాల్సిందే, రాశాను. నాకు నచ్చిన నిర్ణయానికి తగ్గట్టు లెక్కలు వేసుకునే జబ్బు భక్తులకే ఉంటుందనుకోవడం మన పొరపాటు.

ఇంకోటి కూడా అంది. "మీరు మరమ్మతులు లెక్కపెడతారు. నేను ఏళ్ళు లెక్కపెడుతున్నాను. ముందు ముప్పై నలభై ఏళ్ళున్నాయి." అప్పుడు నేనొకటి అడిగాను. "అమ్మా, ఈ బ్యాగు నీకు బరువా, ఊరికి బరువా?"

చాలాసేపు ఆలోచించి చెప్పింది. ఆఫీసులో ఇబ్బంది లేదు. ఈత రాదు, ఆ బెంగా లేదు. ఇంట్లో పూజ జరిగితే తనని దేవుడి గదిలోకి రానివ్వరు. పేరంటాలకి పిలిచినా వంటింటి వైపు రావద్దంటారు. పొట్టమీద మలం మోస్తున్న మనిషి మైల అట.

మిత్రులారా, దీని గురించి మనం గట్టిగా మాట్లాడాలి. ప్రతి మనిషీ మలం మోస్తూనే తిరుగుతాడు. పూజారి గారి పేగులో గంగాజలం ఉండదు. తేడా అల్లా అది ఎటువైపు ఉందన్నదే. నాకూ ఇది అనుభవమే. ఆపరేషన్ అయిన కొత్తల్లో ఒక బంధువుల ఇంట శుభకార్యంలో నా విస్తరి విడిగా వేశారు. మా ఆవిడ తన విస్తరి తీసుకొచ్చి నా పక్కన వేసుకుంది. ఏమీ మాట్లాడలేదు. నా బ్యాగులకి నూలు తొడుగులు కుట్టిపెట్టేది కూడా ఆవిడే.

ఈ సిగ్గు కేవలం మనసు కష్టపెట్టే విషయం కాదు, ఆరోగ్యాన్ని తినేసే విషయం. సిగ్గుపడేవాడు పరీక్షలకి వెళ్ళడు. బ్యాగు తరచు నిండకూడదని నీళ్ళు తాగడు. తిండి తగ్గిస్తాడు. ఆఖరికి, తన శరీరానికి అవసరమో కాదో చూసుకోకుండా, నలుగురి నోళ్ళు మూయించడానికి పెద్ద ఆపరేషన్‌కి సిద్ధపడతాడు. ఆ పిల్ల తనకోసం సంచి కోరుకుంటే అది ఆమె హక్కు. దేవుడి గదిలోకి రానివ్వడం కోసం ఒకటిన్నర అడుగుల పేగు ఒడ్డాలంటే, అక్కడ ఆపరేషన్ చెయ్యాల్సింది వేరేవాళ్ళకి.

మాటల్లో అమ్మాయి పాదాలు రుద్దుకుంటోంది. తిమ్మిర్లట. చాలా నెలలుగా. నీరసం కూడా. మెట్లెక్కి దిగడం వల్ల అనుకుంటోంది. "బీ12 ఎప్పుడు చూపించావు?" అని అడిగాను. ఎప్పుడూ లేదు. ఐదేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

విటమిన్ బీ12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలో. ఆపరేషన్‌లో అందులో కొంత పోవచ్చు. కాక్ సంచి చేసేది కూడా ఆ భాగంతోనే. శరీరంలో పాత నిల్వ కొన్నేళ్ళు సరిపోతుంది. అందుకే లోటు ఆపరేషన్ అయిన ఏడాదే తెలియదు, అందరూ మరిచిపోయాక బయటపడుతుంది. బీ12 దొరికేది చేపలు, మాంసం, గుడ్లు, పాలలో. పేగు చివర పోయిన పిల్లకి మూడేళ్ళు చేప మాన్పించిన స్వామి ఏం చేశాడో ఇప్పుడు అర్థమైందా? ఆయనకి బీ12 తెలియకపోవచ్చు. తెలియనివాడు వైద్యం చెప్పడమే నేరం.

వారంలో పరీక్ష చేయించారు. బీ12 బాగా తక్కువ. డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. నరాల దెబ్బ ఆలస్యమైతే పూర్తిగా తగ్గకపోవచ్చట, ఈమెకి మాత్రం మెల్లగా తగ్గుముఖం పట్టింది. స్థలం అమ్మి పెద్ద ఆపరేషన్ చేయించడానికి సిద్ధపడ్డ ఇంట్లో, చవకైన ఒక ఇంజెక్షన్ సంగతి ఎవరికీ తెలియదు. దీర్ఘకాలపు ఆరోగ్యం అంటే నా దృష్టిలో ఇదే. బ్యాగైనా, లోపలి సంచైనా, ఏళ్ళ తరబడి మనిషిని నిలబెట్టేవి ఈ చిన్న పద్దులే. కొన్ని రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. మీ డాక్టరుతో మాట్లాడే పాటించండి.

పెద్దపేగు లేనివాడికి నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. అండమాన్ ఉక్కలో చెమట అదనం. ఉత్త నీళ్ళు ఎక్కువ తాగితే సరిపోదు. బ్యాగులోకి మరీ ఎక్కువ పోతున్నప్పుడు ఉత్త నీళ్ళు ఉప్పుని ఇంకా లాగేస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఇంట్లో ఉండాలి. కొబ్బరి నీళ్ళు మంచివే గాని వాటిలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. ఓఆర్ఎస్‌కి బదులు కావు. ఒళ్ళు ఎండిపోతూ ఉంటే మూత్రపిండాల్లో రాళ్ళు వస్తాయి. నాకు 2011లో ఒకటి వచ్చింది.

ఇక కొబ్బరి ముక్క. మా ద్వీపాల్లో కొబ్బరి లేని కూర లేదు. కానీ నమలని కొబ్బరి, పుట్టగొడుగులు, పీచు ఎక్కువున్నవి స్టోమా దగ్గర అడ్డుపడతాయి. సంచి ఉన్నవాళ్ళకైతే గొట్టంలోనే ఇరుక్కుంటాయి. బాగా నూరి, బాగా నమిలి, కొద్దిగా తినాలి. ఒక సంక్రాంతికి కొబ్బరి లౌజుతో రెండు రోజులు ఆసుపత్రిలో పడుకుని నేర్చుకున్న పాఠం ఇది.

మాత్రలు. పైన గట్టి పూత ఉండి ఆలస్యంగా కరిగే మాత్రలు మన దారి పొట్టి కావడంతో కరక్కుండానే బయటికి రావచ్చు. ఒకసారి నా బ్యాగులో మాత్ర చెక్కు చెదరకుండా కనిపించింది, దానిమీద అక్షరాలు కూడా చదవగలిగాను. డబ్బు పెట్టి కొని బ్యాగులో వేసుకున్నట్టే. ఏ డాక్టరు మందు రాసినా ముందు ఇలియోస్టమీ ఉందని చెప్పాలి. ఏడాదికోసారి బీ12, రక్తంలో లవణాలు, క్రియాటినిన్ చూపించుకోవాలి.

ఇందులో ఏదీ గొప్ప రహస్యం కాదు. స్టోమా గురించి తెలిసిన ఒక నర్సు రోగిని ఇంటికి పంపే ముందు అరగంట కూర్చోబెట్టి చెప్పగలిగేవే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో అలాంటి నర్సు ఒకరు, బ్యాగులు ఎప్పుడూ నిల్వ ఉండటం, నేను అడిగేది ఇంతే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలని గుర్తించింది. శాశ్వత స్టోమా ఆ జాబితాలో లేదు. అందులో చేర్చాలా వద్దా అన్నది వాదించదగ్గ విషయమే. వాదన మొదలవ్వాలంటే ముందు మనం ఉన్నామని చెప్పుకోవాలి కదా.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి. నేను ఆమెకి చెయ్యమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. కాగితం ఇచ్చి ప్రశ్నలు రాసుకోమన్నాను. ఆమే రాసింది. మీరు ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు? క్రిందటి ఏడు ఎన్ని? ఎన్నింటికి మళ్ళీ తెరిచారు? నా జబ్బు క్రోన్స్ కాదని పాత బయాప్సీ మళ్ళీ చూసి చెబుతారా? సంచి పోతే ఎంత పేగు మిగులుతుంది? పదేళ్ళ తర్వాత నన్ను చూసేది ఎవరు?

రెండు చోట్లకి పంపింది. ఒక చోట నుంచి రంగుల కాగితాల మీద నవ్వుతున్న మనుషుల బొమ్మలు వచ్చాయి, ఒక్క అంకె రాలేదు. ఇంకో చోట నుంచి ఒక సర్జన్ నాలుగు వాక్యాలు రాశాడు: మేం చేసినవి చాలా తక్కువ, ఈ మధ్య చెయ్యలేదు, మీరుండే చోటు దృష్ట్యా తొందరపడొద్దు, మొదట పాత బయాప్సీ పంపండి. ఆ నాలుగు వాక్యాలు రాసినాయనకి నేను మనసులో దండం పెట్టాను. నాస్తికుడు దండం పెట్టదగ్గ చోటు అదొక్కటే.

స్వామికి వెయ్యాల్సిన ప్రశ్నా, సర్జన్‌కి వెయ్యాల్సిన ప్రశ్నా, మన వాదనకి మనం వేసుకోవాల్సిన ప్రశ్నా ఒకటే. పదేళ్ళ లెక్క చూపించండి. చూపించేవాడితో మాట్లాడదాం. కోప్పడేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేద్దాం.

అమ్మాయి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. బయాప్సీ స్లైడ్లు పంపింది. స్థలం అమ్మలేదు. వచ్చిన సంబంధం వాళ్ళకి బ్యాగు సంగతి తనే చెప్పింది. వాళ్ళు మళ్ళీ ఫోను చెయ్యలేదు. "మంచిదే పెదనాన్నా, పదేళ్ళ తర్వాత తెలిసే విషయం ముందే తెలిసింది" అంది. దేవుడి గది సంగతి ఆమె అడగడం మానేసింది. వంటింట్లోకి మాత్రం ఎవరినీ అడక్కుండా వెళ్తోందట. వారానికి నాలుగు రోజులు చేప వండుకుంటోంది.

ఈ ఫైలు మూయడం లేదు. పదేళ్ళ తర్వాత నేనుంటే నేను, లేకపోతే ఆమె, మిగతా లెక్క రాస్తాం.